గుడిమల్లం లింగం, లింగ ప్రతీకలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గుడిమల్లం శివలింగం ఫొటో ఒకటి వాట్సాప్‌లో తిరగడం మొదలైతే చాలు, లింగం అంటే మగవాడి అంగానికి ప్రతీకేనా అనే ప్రశ్నలు మళ్లీ వస్తాయి. అడిగేవాళ్లలో కొందరు సిగ్గుపడుతూ గొంతు తగ్గించి అడుగుతారు. ఇంకొందరు గొడవకు సిద్ధపడే అడుగుతారు. తిరుపతివాళ్లకి ఈ విషయం గంటలోపు ప్రయాణంలో రాతి మీదే చెక్కి ఉంది కాబట్టి, ఊహల్లోకి పోకుండా దాన్ని పట్టుకునే మాట్లాడొచ్చు. ప్రతి జవాబూ విడిగా చదువుకునేలా రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

### వెళ్లే ముందు

గుడిమల్లం ఎక్కడుంది? ఆ గుడికి అంత పేరెందుకు?

తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో, స్వర్ణముఖి నదికి దగ్గరలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టేదాకా ఇది చిత్తూరు జిల్లా. రేణిగుంట మీదుగా పాపానాయుడుపేట వైపు వెళ్లాలి. దేవుడి పేరు పరశురామేశ్వరస్వామి. 1954 నుంచి గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

పేరు రావడానికి కారణం గర్భాలయంలోని లింగం వయసు. క్రీస్తుపూర్వం 2 లేదా 1వ శతాబ్దం అని చాలామంది పండితులు అంటారు. అంతకన్నా కొన్ని వందల ఏళ్ల తర్వాతిదని వాదించేవాళ్లూ ఉన్నారు. ఏ లెక్క తీసుకున్నా, ఇప్పటికీ పూజలందుకుంటున్న అతి పాత లింగాల్లో ఇదొకటి. చుట్టూ ఉన్న రాతి కట్టడం మాత్రం చాలా తర్వాతిది, చోళుల కాలంలో 12వ శతాబ్దంలో తిరిగి కట్టింది. విమానం వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. దీన్ని గజపృష్ఠం అంటారు.

అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్లొచ్చా? ఇబ్బందిగా ఉంటుందేమో?

నిక్షేపంగా వెళ్లండి. సోమవారాలు, కార్తీకమాసం, శివరాత్రి వచ్చాయంటే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముసలీ ముతకా, చంటిపిల్లలతో సహా వస్తారు. కొబ్బరికాయ కొట్టి, హారతి కళ్లకద్దుకుని, విభూతి పెట్టుకుని వెళ్తారు. అలంకారం ఉన్న వేళ వెళ్తే రాతి ఆకారం సరిగా కనబడదు కూడా. ఇబ్బందంతా ఫోన్‌లో ఫొటో చూసినవాళ్లదే, గుళ్లో నిలబడ్డవాళ్లకి అదేమీ ఉండదు.

### గర్భాలయం ముందు నిలబడ్డాక

అది నిజంగా మగవాడి అంగం ఆకారమేనా? లేక తెల్లదొరలు మనకు అంటగట్టారా?

గుడిమల్లం వరకైతే నిజమే. గర్భాలయం బయటి మంటపం కన్నా పల్లంలో ఉంటుంది, కిందికి చూడాలి. ముదురు గోధుమరంగు గట్టి రాయి, నున్నగా మెరుగుపెట్టింది, ఎత్తు సుమారు 5 అడుగులు. కింది స్తంభం కన్నా పైభాగం కాస్త వెడల్పు. రెండింటినీ విడదీస్తూ లోతైన గాడి. పైభాగం శిశ్నాగ్రంలాగే మలిచి ఉంది. చెక్కినవాడు ఏ దాపరికమూ లేకుండా చెక్కాడు. దీన్ని కాదనడానికి కొందరు పడే తంటాలు చూస్తే, శిల్పి మీద జాలేస్తుంది.

తెల్లదొరల మాట కూడా కాదు. 20వ శతాబ్దం మొదట్లో దీన్ని కొలిచి, వర్ణించి, లోకానికి తెలియజేసింది టి.ఏ. గోపీనాథరావు. తిరువాంకూరు సంస్థానంలో పురావస్తు పని చూసిన మన పండితుడు. ఆయన ఆ ఆకారాన్ని ఉన్నది ఉన్నట్టు రాశారు. శివభక్తికి అది అడ్డమని ఆయనకి అనిపించలేదు.

అయితే ఆకారం అది కాబట్టి అర్థం కూడా అదొక్కటే అనుకుంటే అక్కడే దారి తప్పుతాం. రెండువేల ఏళ్ల కిందట చెక్కినవాడి మనసులో ఏముందో, మధ్యలో శాసనాలు వేయించిన పల్లవ, బాణ, చోళ కాలాలవాళ్లు ఏమనుకున్నారో, ఇవాళ పాలచెంబుతో వచ్చే అవ్వ ఏం చూస్తోందో, ఇవి వేరువేరు ప్రశ్నలు. ఒకదానికి దొరికిన జవాబు మిగతా వాటికి సరిపోదు.

లింగం మీద నిలబడి ఉన్న ఆ మనిషి ఎవరు? చేతిలో ఉన్నదేమిటి?

శివుడనే దాదాపు అందరూ ఒప్పుకుంటారు. రెండే చేతులు. కుడిచేత్తో పొట్టేలు లాంటి జంతువును వెనకకాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాడు (జింక అనేవాళ్లూ ఉన్నారు). ఎడమచేతిలో చిన్న కుండ, ఎడమ భుజం మీద గండ్రగొడ్డలి. జుట్టు తలపాగాలా చుట్టి ఉంది, చెవులకు బరువైన పోగులు, నడుముకు సన్నటి పంచె. జంధ్యం లేదు. పాదాల కింద ఒక పొట్టివాడు చేతులు మోకాళ్లకు ఆనించి బరువు మోస్తున్నాడు. వాడి మొహంలో బాధ ఏమీ కనబడదు. తర్వాతి కాలపు నటరాజు కాళ్ల కింద నలిగే అపస్మారుడితో వీణ్ని కలపకండి. వీడు యక్షుడు.

స్థలపురాణం ఇంకోలా చెబుతుంది. పరశురాముడు ఇక్కడి కొలనులో రోజుకొకటి పూసే పువ్వుతో శివపూజ చేస్తూ, కాపలాకు చిత్రసేనుడనే యక్షుణ్ని పెట్టాడట. వాడికి జీతం రోజూ ఒక వేట జంతువు, ఒక కల్లుకుండ. ఒకరోజు ఆ పువ్వుతో చిత్రసేనుడే పూజ చేసేశాడు. ఇద్దరికీ యుద్ధం జరిగింది, శివుడు ఇద్దర్నీ తనలో కలుపుకున్నాడు. గొడ్డలికీ, జంతువుకీ, కుండకీ, కింది యక్షుడికీ ఒక్క కథలో లెక్క కుదిరిపోయింది. కళ్లముందున్న శిల్పాన్ని చూసి ఊరు అల్లుకున్న కథ అని నా అభిప్రాయం. ఈ కథ అంత వివరంగా చెప్పేవాళ్లు అంగం సంగతి ఎత్తనే ఎత్తరు. దాచాలని కాదు, వాళ్లకి అది చెప్పుకోవలసిన విషయం కాదు.

శ్రీకాళహస్తి లింగం, కపిలతీర్థం లింగం కూడా ఇలాగే ఉంటాయా?

ఉండవు. గుడిమల్లంలో ఉన్నంత స్పష్టమైన ఆకారం మన ప్రాంతంలో ఇంకెక్కడా చూడలేరు. కపిలతీర్థంలోది మామూలుగా అన్ని శివాలయాల్లో కనిపించే లింగం. శ్రీకాళహస్తిలోది వాయులింగం. అక్కడ సాలీడు, పాము, ఏనుగు గుర్తులు లింగం మీదే ఉన్నాయని చూపిస్తారు. ఊరి పేరే ఆ మూడింటిది. కన్నప్ప కథ తలుచుకోండి: లింగానికి కంట రక్తం కారితే తన కన్ను పెకిలించి అతికించాడు, రెండోదానికీ సిద్ధపడ్డాడు. ఆ కథలో లింగం ఒక ముఖం, నొప్పి తెలిసే మనిషి.

కాలం గడిచేకొద్దీ శిల్పులు ఆకారాన్ని సరళం చేస్తూ వచ్చారు. ఆగమాల లెక్కలో లింగం కిందిభాగం నలుచదరం బ్రహ్మది, మధ్యభాగం ఎనిమిది పలకలది విష్ణువుది, పైన గుండ్రంగా కనిపించేది రుద్రుడిది. పైభాగం మీద సన్నటి గీతలు చెక్కుతారు. వాటిని బ్రహ్మసూత్రం అంటారు. పాత ఆకారం ఆ గీతల్లో మిగిలిందని శిల్పచరిత్ర చదివినవాళ్లు చెబుతారు. ఆ సంగతి తెలియనివాడికి అవి ఉత్త గీతలే.

పానవట్టం స్త్రీ అంగం, లింగం పురుషాంగం, అంతే కదా?

అలా చెప్పే గ్రంథాలు ఉన్నాయి. తంత్రాల్లో, కొన్ని పురాణాల్లో పానవట్టాన్ని శక్తి అనీ, యోని అనీ స్పష్టంగానే అన్నారు. శిల్పి దృష్టిలో అది పీఠం, అర్చకుడి దృష్టిలో అభిషేకజలం బయటికి పోయే దారి. మూడూ నిజాలే. గుడిమల్లంలో మాత్రం మొదట పానవట్టం లేదు. 1970ల్లో పురావస్తు శాఖవాళ్లు తవ్వి చూస్తే, తొలినాళ్లలో లింగం పైకప్పు లేని చోట, చుట్టూ చతురస్రంగా రాతి కంచెతో ఉండేదని తేలింది. కాబట్టి ‘ఇద్దరి కలయిక’ అనే వ్యాఖ్యానాన్ని ఇక్కడి మొదటి రోజులకు తీసుకెళ్లి అతికించకూడదు.

మిగతా దేవుళ్లందరికీ మనిషి రూపం ఉంటే శివుడికి లింగమే ఎందుకు?

పురాణాలు రెండు దారుల్లో చెబుతాయి, రెండూ పాతవే. దారువనం కథలో శివుడు దిగంబరంగా భిక్షాటనకు వెళ్తాడు, మునిపత్నులు మోహపడతారు, మునులు శపిస్తారు, లింగం నేలమీద పడుతుంది. లోకం అల్లకల్లోలమైతే మునులే దాన్ని పూజించి శాంతింపజేస్తారు. ఇందులో అంగం అంగమే, దాపరికం లేదు. లింగోద్భవ కథలో మొదలూ చివరా లేని అగ్నిస్తంభం పుడుతుంది. బ్రహ్మ హంసై పైకి, విష్ణువు వరాహమై కిందికి వెతుకుతారు. అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు మొగలిపువ్వు శివపూజకు పనికిరాకుండా పోతుంది. ఈ కథలో అంగం ఊసే లేదు. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని అబద్ధం అనేవాళ్లు సగం పురాణమే చదివినట్టు.

మనిషి రూపంలో శివుణ్ని చూడాలంటే దూరం పోనక్కర్లేదు. సురుటుపల్లిలో పార్వతి ఒడిలో తలపెట్టి పడుకున్న పళ్లికొండేశ్వరుడు ఉన్నాడు.

### మాటల దగ్గర తికమక

వ్యాకరణంలో లింగం, ఆధార్ ఫారంలో లింగం, శివలింగం... అన్నీ ఒకటేనా?

మాట ఒకటే, పని వేరు. సంస్కృతంలో లింగం అంటే మొదట గుర్తు, ఆనవాలు. తర్కశాస్త్రంలో పొగ చూసి నిప్పుందని తేల్చుకుంటే ఆ పొగను లింగం అంటారు. ఆడా మగా తెలిపే గుర్తు కాబట్టి అంగానికీ, పుంలింగం స్త్రీలింగం అనే వ్యాకరణానికీ, దరఖాస్తులో ‘లింగం: పు/స్త్రీ’ అనే గడికీ అదే మాట వచ్చింది. తెలుగు వ్యాకరణానికి సొంతంగా మహత్తు, అమహత్తు అనే విభజన ఉన్నా ఫారాలు రాసేవాళ్లకి అది పట్టదు.

లింగయ్య, లింగమ్మ, రామలింగం, లింగారెడ్డి అని పేర్లు పెట్టుకున్నవాళ్ల ఇళ్లలో అంగం గుర్తుకొచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. మెడలో ఇష్టలింగం కట్టుకునే వీరశైవులకీ అంతే.

అంగం బలానికి గుర్తు అంటారు. మరి తిట్లలో ‘ఏమీ లేదు’ అనడానికి ఆ మాట ఎందుకు వాడతారు?

ఇది మంచి ప్రశ్న, పుస్తకాల్లో దొరకదు. ‘వాడేం చేశాడు?’ అంటే మా వైపు మగవాళ్లు ఆ ఒక్క మాటతో జవాబు చెప్పేస్తారు. అర్థం: సున్నా. పెద్దవాళ్లుంటే అదే చోట ‘తొక్క’, ‘వంకాయ’, ‘గాడిద గుడ్డు’ వచ్చి కూర్చుంటాయి. గుళ్లో సృష్టికి గుర్తుగా నిలబెట్టిన ఆకారమే వీధిలో పనికిమాలినదానికి పేరైంది. భాషకు ఈ రెండూ ఒకేసారి మోయడం కష్టం కాదు. తిట్టు పనిచేసేది అర్థంతో కాదు, నలుగురిలో అనకూడని మాట అన్నామనే కుదుపుతో. అందుకే దానికి బదులుగా ఏ కూరగాయ పేరు పెట్టినా పని జరిగిపోతుంది.

తిరుపతి గంగజాతరలో బూతులు తిడతారు కదా, అది భక్తేనా?

భక్తే. తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో జరుగుతుంది. రోజుకో వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి... మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టి, గాజులు వేసుకుని ఆడవేషాల్లో గుడికి వస్తారు. ఊరి ఆడవాళ్ల మానం మీద చెయ్యేసిన పాలెగాణ్ని వేషాలు మార్చుకుంటూ వెంటాడి గంగమ్మ తల నరికిందన్నది కథ. వేషం కట్టినవాళ్లు ఎదురుపడ్డవాళ్లను బూతులు తిట్టడం ఆనవాయితీ. చిన్నపిల్లలు కూడా, ఆ రోజుకు మాత్రం, ఇంట్లో అంటే వీపు పగిలే మాటలు అంటారు. తిట్టించుకున్నవాళ్లు నవ్వుకుంటూ పోతారు.

ఎందుకని అడిగితే ‘అమ్మకు ఇష్టం’ అంటారు. నాకు తోచింది ఇది: మగతనం మదమెక్కి ఊరిని చెరిచినవాడి చావును గుర్తుచేసుకునే పండగ అది. మగవాడు ఆడవేషం కట్టడం, అంగాల పేర్లు బజార్లో అరవడం, రెండూ ఆ మదాన్ని నవ్వులపాలు చేసేవే. పట్నం పెరిగేకొద్దీ తిట్ల జోరు తగ్గింది, మైకుల జోరు పెరిగింది. కొందరికి ఇది సంస్కారం, నాకు మాత్రం కాస్త వెలితి.

పెళ్లిలో రోలు, రోకలి కూడా లింగ ప్రతీకలేనా?

పసుపు కొట్టేటప్పుడు రోలుకూ రోకలికీ పసుపు కుంకుమ పెట్టి, పసుపు గుడ్డలో కంకణం కట్టి, ముత్తయిదువులు పాట పాడుతూ దంచుతారు. సంతానం, సౌభాగ్యం కోరే సందర్భం కాబట్టి ఆ పోలిక తట్టడం వింత కాదు. సరసమైన పొడుపు కథలు చాలావాటికి జవాబు రోకలో, తాళంచెవో అవుతుంది. విన్నవాడు తప్పుగా అనుకోవాలి, చెప్పినవాడు ‘నీ బుద్ధి అలాంటిది’ అని వెక్కిరించాలి, అదే ఆట. కానీ తంతు చేయించే పెద్దావిడను అడిగితే ‘ధాన్యం, పసుపు, ఇల్లు నిండుగా ఉండాలని’ అంటుంది. ఆమె మాట తీసేసి మన పోలిక పెట్టడం సరికాదు. పక్కన పెట్టుకోవచ్చు.

మీసం తిప్పడం, తొడ కొట్టడం?

మగతనానికి గుర్తులే, అంగానికి గుర్తులు కావు. అన్నిటినీ అక్కడికే లాగితే మాటకు అర్థం పోతుంది.

### బయటి దేశాల సంగతి

ఇలాంటివి మన దేశంలోనేనా, వేరేచోట్లా ఉన్నాయా?

బోలెడు. పాత రోమ్‌లో చంటి మగపిల్లల మెడలో అంగం ఆకారపు తాయెత్తు కట్టేవాళ్లు, దిష్టి తగలకుండా. గెలిచి వచ్చే సేనాధిపతి రథం కింద కూడా వేలాడదీసేవాళ్లు, అసూయ తగలకూడదని. కట్టే ఇంటిముందు దిష్టిబొమ్మ, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టే మనకు ఈ ఆలోచన ఇట్టే అర్థమవుతుంది. చూపును పక్కకు లాగేది ఏదో ఒకటి కావాలి, అంతే. మన ఇళ్లలో ఆడపిల్లల మొలతాడుకు రావి ఆకు ఆకారపు వెండి సిగ్గుబిళ్ల కట్టేవాళ్లు. అది కప్పడానికి, రోమన్లది చూపడానికి.

గ్రీసులో ఇళ్ల ముందు, వీధి మలుపుల్లో హెర్మెస్ దేవుడి తల, మధ్యలో అంగం ఉన్న నలుపలకల రాతి స్తంభాలు నిలబెట్టేవాళ్లు. క్రీస్తుపూర్వం 415లో ఏథెన్స్‌లో ఒక రాత్రి ఎవరో వాటిని పగలగొట్టారు. సిసిలీ మీద యుద్ధానికి బయల్దేరబోతున్న సమయం. అపశకునమని ఊరంతా వణికింది, విచారణలు జరిగాయి, శిక్షలు పడ్డాయి. వాళ్లకి అది ఊరిని కాచే దేవుడు.

భూటాన్‌లో పునాఖా దగ్గర చిమి లఖాంగ్ అనే బౌద్ధ ఆలయం ఉంది. 15, 16వ శతాబ్దాల నాటి ద్రుక్పా కున్లే అనే అవధూతకు సంబంధించింది. పిల్లలు లేనివాళ్లు అక్కడికి వెళ్తారు. ఆ చుట్టుపక్కల ఇళ్ల గోడల మీద రంగురంగుల అంగాలు బొమ్మలేసి ఉంటాయి. జపాన్‌లో కవసాకి నగరంలో ఏప్రిల్‌లో అంగాన్ని పల్లకిలో ఊరేగించే పండగే ఉంది.

సంతానం, దిష్టి, కాపలా: ఎక్కడ చూసినా ఈ మూడే మళ్లీ మళ్లీ వస్తాయి. కామం నాలుగోది, అదీ అన్నిచోట్లా కాదు.

పొడుగ్గా ఉన్నదల్లా అంగమే అని ఫ్రాయిడ్ అన్నాడట?

మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఆ వైద్యుడు, కలల్లో కత్తులు, కర్రలు, గొడుగులు అంగానికి ప్రతీకలు కావచ్చని రాశాడు. కల కన్న మనిషి చెప్పేది విన్నాకే అర్థం తేల్చాలని కూడా రాశాడు. రెండో మాట ఎవరికీ గుర్తులేదు. ‘ఒక్కోసారి చుట్ట అంటే ఉత్త చుట్ట మాత్రమే’ అని ఆయన అన్నట్టు చెప్పుకుంటారు, కానీ అన్నట్టు ఆధారం లేదు.

### ఇంటికొచ్చాక, రాయడానికి కూర్చున్నాక

ధ్వజస్తంభం, గాలిగోపురం, శ్రీహరికోట రాకెట్... ఇవన్నీ కూడా అవేనని యూట్యూబ్‌లో చెబుతున్నారు. నిజమా?

రాకెట్ అలా ఉండేది గాలిని చీల్చుకు పోవడానికి. ఇంకో ఆకారంలో చేసి చూడమనండి.

ధ్వజస్తంభం, గోపురం విషయంలో నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. చెక్కినవాడు ఆ ఆకారాన్ని స్పష్టంగా చూపించాడా? దాన్ని వాడేవాళ్లు గానీ, వాళ్ల గ్రంథాలు గానీ అలా చెప్పాయా? సంతానం, దిష్టి లాంటి సందర్భం ఉందా? గుడిమల్లానికి మొదటిదాంట్లోనే తిరుగులేని జవాబు ఉంది. ధ్వజస్తంభానికి అలాంటి జవాబు లేదు, అది జెండా ఎగరేసే కంబం. నిలువుగా ఉండటం ఒక్కటే సాక్ష్యమైతే తాటిచెట్టు కూడా దోషే.

ఏడేళ్ల పాప ‘అదేంటి?’ అని అడిగింది. ఏం చెప్పాలి?

‘శివుడికి గుర్తు’ అని చెప్పండి. అది తప్పించుకునే జవాబు కాదు, పూర్తి నిజం. కాలేజీకి వచ్చిన పిల్లలు అడిగితే ఆకారం సంగతీ చెప్పండి. మీరు చెప్పకపోతే ఫోన్ చెబుతుంది, అదీ వెటకారంగా.

ప్రాజెక్టులో ఇలా రాస్తే మనోభావాలు దెబ్బతిన్నాయని గొడవ చేయరా?

ఈ గొడవ కొత్తది కాదు. 1900లో పారిస్‌లో జరిగిన మతాల చరిత్ర సభలో గుస్తావ్ ఓపెర్ట్ అనే జర్మన్ పండితుడు శివలింగాన్ని, సాలగ్రామాన్ని లైంగిక చిహ్నాలన్నాడు. అక్కడే ఉన్న వివేకానందుడు లేచి ఖండించారు. అథర్వవేదంలో యూపస్తంభాన్ని (యజ్ఞంలో నిలబెట్టే కంబాన్ని) స్తుతించే మంత్రాల నుంచి లింగపూజ వచ్చిందని వాదించారు. సాలగ్రామం గురించి ఓపెర్ట్ మాట నిలబడలేదు. గుడిమల్లం సంగతి ఇంకా పండితుల చర్చల్లోకి రాని రోజులవి.

రాసేవాళ్లకి నా సలహా ఒకటే. ‘శివలింగం అంటే ఇది’ అని గుండుగుత్తగా రాయకండి. ‘గుడిమల్లంలోని ఈ శిల్పం ఆకారం ఇలా ఉంది, దారువనం కథ ఇలా చెబుతుంది, ఈ ఊరివాళ్లు ఇలా చెప్పుకుంటారు’ అని ఎవరి మాట వాళ్లకి ఇవ్వండి. అలా రాసినదానికి గొడవ రాదని హామీ ఇవ్వలేను. వస్తే నిలబడి జవాబు చెప్పుకోవచ్చు.

‘ఫాలిక్ సింబల్’కి తెలుగులో ఏం రాయాలి? లింగ ప్రతీక అనొచ్చా?

ఈ పేజీకి పేరు అదే పెట్టాను కాబట్టి అనొచ్చు. కాకపోతే చదివేవాడు శివలింగం అనుకుంటాడో, ఆడామగా తేడా అనుకుంటాడో చెప్పలేం. రోమ్, గ్రీసుల గురించి రాసేటప్పుడు ‘పురుషాంగ ప్రతీక’ అంటే తికమక ఉండదు. శిల్పం వర్ణించేటప్పుడు ‘శిశ్నం’ అని రాయండి, పాత వైద్యగ్రంథాల్లో ఉన్న మాటే. ‘మర్మాంగం’, ‘మానం’ అన్నవి ఇద్దరికీ వాడతారు కాబట్టి ఇక్కడ పనికిరావు. పరీక్ష పేపర్లోనైతే మొదటిసారి ‘ఫాలిక్’ అని తెలుగు అక్షరాల్లో రాసి, పక్కనే ‘పురుషాంగ ప్రతీక’ అని పెట్టి, ఆ తర్వాత చివరిదాకా ఆ ఒక్క మాటనే వాడండి.